నీళ్ళు ఒల్లని రాయి

మంగళవారం

ఈ రోజు రాయిని నిలబెట్టారు.

మూడు నిలువుల స్టీలు కాలమ్. క్రేను దాన్ని మెల్లగా దింపుతుంటే ఫ్యాక్టరీ అంతా చేతిలో పనులు వదిలేసి మెడలు వెనక్కి వాల్చి చూసింది. నేను చూడలేదు. పాత వరస దగ్గర నా స్టూలు మీద కూర్చుని వేడి చూపించే ముల్లు మీదే కళ్ళు పెట్టాను. అరవై. పదిహేనేళ్ళుగా అరవై. పాత కాలమ్‌లో ఉన్నది ఎంజైము, సూక్ష్మజీవి ఒంట్లో పుట్టిన సరుకు. నాలుగు డిగ్రీలు పెరిగితే దానికి జ్వరం, ఇరవై పెరిగితే చావు. పసిపిల్లను సాకినట్టు సాకాను. పైనుంచి మామూలు చక్కెర పాకం పోస్తే కిందనుంచి నాలుక అదిరే తీపి పాకం ఇచ్చేది. ప్రాణం ఉన్నదాని పని అది. సృష్టికర్త సంతకం అది.

శుక్రవారం దాన్ని ఆపేస్తారట. ఇక దాని పని రాయి చేస్తుందట.

ఆ రాయిని తెచ్చినవాడు నా బావమరిది.

బుధవారం

మధ్యాహ్నం భోజనాల గదిలో వాడే వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. వాడి రెండో ఏట తల్లి పోతే, అప్పటికి తొమ్మిదేళ్ళ పిల్ల, ఈమె చంకనేసుకుని పెంచింది. పెద్ద చదువులు చదివాడు. జేబులో ఎప్పుడూ నాలుగు తెల్లటి గుళికలు ఆడిస్తూ తిరుగుతాడని ఫ్యాక్టరీలో వాడి పేరు గులకరాయి. అలా పిలిస్తే పలుకుతాడు కూడా, సిగ్గు లేకుండా.

ఒక గుళిక తీసి నా పళ్ళెం పక్కన పెట్టాడు.

"పట్టుకో బావా, కరవదు."

"ఏముంది ఇందులో?"

"ఇసుకలో ఉండే సరుకే. ఒళ్ళంతా కంటికి కనపడని రంధ్రాలు. రంధ్రాల్లో అక్కడక్కడా ఒక్కో తగరం అణువుని కూర్చోబెట్టాం. చక్కెర లోపలికి దూరుతుంది. తగరం దాన్ని పట్టుకుని ఒక హైడ్రోజన్ని ఇటునుంచి అటు జరుపుతుంది. అంతే, వేరే చక్కెర అయిపోయి బయటికొస్తుంది. నీ ఎంజైము చేసేదీ అచ్చం ఇదే."

"దీనికి ప్రాణముందా?"

"లేదు. అందుకే చావదు. మసి పట్టిందనుకో, ఐదొందల యాభై డిగ్రీల్లో కాల్చేస్తాం. మళ్ళీ తెల్లగా లేచి కూర్చుంటుంది."

"నిప్పుల్లో వేసినా చావనిది ఎవడి సొత్తో నాకు తెలుసురా."

"మళ్ళీ మొదలెట్టావా! దీనికున్న పేచీ ఒక్కటే, నీళ్ళు పడవు. నీళ్ళలో ఎక్కువ రోజులుంటే నీరసపడిపోతుంది. అందుకని చక్కెరని మిథనాల్లో కలిపి పంపిస్తాం. తర్వాత ఆ మిథనాలంతా మరిగించి లాగేస్తాం."

"నీళ్ళు ఒల్లదు, సారా అడుగుతుందన్నమాట!"

గదంతా గొల్లుమంది. వాడూ నవ్వాడు.

"సారా కాదు బావా. ఇది తాగితే పోతారు."

"సారా తాగినా పోతారు. కాస్త ఆలస్యంగా పోతారు, అంతే."

మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వాను. గుళికను మాత్రం బూటు కింద పెట్టి నలిపాను. నలగలేదు.

గురువారం

సాయంత్రం కూటం. పాత టైర్ల గోడౌనులో మా సహవాసం పంతొమ్మిది మందీ వచ్చారు. నేను ఏ బడి పూర్తి చేసినవాణ్ణీ కాను. అక్షరాలు గ్రంథంలోనే కూడబలుక్కుని నేర్చుకున్నాను, అందుకే నాకు వేరే పుస్తకం భాష రాదు. ఈ చేతులు ఒకప్పుడు సారా దుకాణాల ముందు మనుషుల పళ్ళు రాల్చాయి. ప్రభువు కడిగాడు. కడిగిన చేతులివి.

గ్రంథం ఎత్తి పట్టుకుని అరిచాను. ప్రియులారా, ఊపిరి ఊదినవాడు ఒక్కడే. ఊపిరి లేని రాయి ఊపిరి ఉన్నదాని పని చేస్తానంటే అది విగ్రహం. దాని మెడ విరవాలి. దాని దవడ పగలాలి. కాలమ్ మొదలంటా కూలేదాకా మనకు అన్నం వద్దు. మూడు రోజుల ఉపవాసం!

"కూల్చు ప్రభువా" అని కేకలు. వెల్డరు లేచి నిలబడ్డాడు. సహవాసంలో నా కుడిచెయ్యి లాంటివాడు, ఆరడుగుల మనిషి.

"అన్నా, నువ్వు ఊ అను. గ్యాస్ కట్టరుతో పది నిమిషాల్లో నరికేస్తాను."

నేను ఊ అనలేదు. వద్దనీ అనలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఉపవాసం విడుస్తాం. విడిచే పద్ధతి నేను పెట్టిందే. ద్రాక్షరసం పులుస్తుంది, పులిసింది మనకొద్దు. అందుకని పాత వరస తీపి పాకం నీళ్ళలో కలిపి తలా ఒక నిండు గ్లాసు. మూడే కట్టడలు. ట్యాంకులోంచి పట్టిన పాకాన్ని గ్లాసుల్లో పోసేదాకా ఎవరూ రుచి చూడకూడదు. చుక్క మిగల్చకూడదు. సహోదరుడి మీద చెయ్యెత్తినవాడు ఆ రోజు గ్లాసు ముట్టకూడదు.

శుక్రవారం

పాత వరస ఆగింది. సాయంత్రం నాలుగు దాటి పదకొండు నిమిషాలు. నేను ఆపలేదు, వాళ్ళే ఆపారు. ముల్లు యాభైకి, నలభైకి, గది వేడికి దిగింది. ఏడవలేదు.

శనివారం

పొద్దున్నే డబ్బా పట్టుకుని మూడో ట్యాంకు దగ్గరికి వెళ్ళాను. పాత వరస పాకం చేరే ట్యాంకు. ప్రాణమున్నది చేసిన ఆఖరి తీపి అందులోనే మిగిలి ఉంటుంది. డబ్బా నింపుకున్నాను.

తిరిగి వస్తుంటే మెట్ల దగ్గర గులకరాయి ఎదురొచ్చాడు. ఏదో వెటకారం మొదలెట్టాడు. ఒక్క దెబ్బ వేశాను. అరచేత్తో. వాడు వెనక్కి తూలి మెట్ల మీద పడ్డాడు. దవడ విరిగింది.

నేనే ఎత్తుకుని గేటు దాకా పరిగెత్తాను. నా చొక్కా నిండా వాడి నెత్తురే. జారిపడ్డాడని చెప్పాను. గేటు దగ్గర అందరూ అన్నారు, బావ అంటే ఇలా ఉండాలని.

ఇంట్లో ఆమెకు మాత్రం చెంపదెబ్బ కొట్టానని చెప్పాను. నా మొహం చూడలేదు. బండ మీద నా రక్తపు చొక్కా పిండుతూ ఉంది. పిండి పిండి నీళ్ళు తెల్లబడ్డాక కూడా పిండుతూనే ఉంది.

ఆసుపత్రివాళ్ళు మత్తు ఇచ్చారట. రేపు దవడకు తీగలు వేసి కడతారట.

కడిగిన చేతులివి.

ఆదివారం

విడిచాం. పదిహేడు మంది. వెల్డరుకు డ్యూటీ, రాలేదు.

పాకం ఈసారి పలచగా ఉంది. నీళ్ళు కలపలేదు. ట్యాంకు అడుగుది తేరుకుందనుకున్నాను.

వడ్డించింది నేనే. నా ముక్కు యాసిడ్ పొగకు ఎప్పుడో చచ్చింది, నాకేం తెలుస్తుంది. నా భార్య గ్లాసు అందుకుని "ఇదేంటండీ, ఏదో వాసన" అంది. "నీ తమ్ముడు ఊరంతా పట్టించిన వాసనే, తాగు" అన్నాను. తాగింది.

దీపాలు తుడిచే అవ్వ సగంలో ఆపింది.

"అయ్యా, గొంతు మండుతోంది. తీపి కూడా ఏమంత లేదు."

"మండేది మూడు రోజుల ఆకలి అవ్వా. దింపు."

"ముసలిదాన్ని, సగం చాలదా?"

"కట్టడ కట్టడే. దింపు."

దింపింది. ఎంత చిన్న గొంతు. గుటక గుటకకీ కళ్ళు మూసుకుంది.

బస్తాల మేస్త్రి రెండు గ్లాసులు తాగాడు. మిగిలింది చుక్క కూడా ఉండకూడదు కదా.

నేను తాగలేదు. చెయ్యెత్తినవాణ్ణి. గ్లాసు పెదాలకు ఆనించి దించాను. ఎవరూ చూడలేదు.

సోమవారం

రాయడానికి వేళ్ళు వంగడం లేదు.

తెల్లారేసరికి మా ఇంట్లో ఆమె బకెట్టు ముందు. వీధిలోకి వెళ్తే మేస్త్రి ఇంట్లో వాంతులు, అవ్వ ఇంట్లో వాంతులు. లారీ ఎక్కించి అందరినీ ఆసుపత్రిలో పడేశాం. మేస్త్రి గోడకు తల బాదుకుంటున్నాడు. నలుగురు పట్టుకున్నా ఆగడు. అవ్వ బండలా పడి ఉంది, ఊపిరి మాత్రం కుక్క రొప్పినట్టు.

డాక్టరమ్మ చిన్న వయసు. నన్ను పక్కకు లాగింది.

"ఏం తాగారు వీళ్ళంతా?"

"చక్కెర నీళ్ళు."

"సరిగ్గా చెప్పండి. సారా ఏమైనా, కల్తీది?"

"మాది సారా ముట్టని సహవాసం!"

బల్ల మీద గుద్దాను. మందు సీసాలు ఎగిరిపడ్డాయి. ఆమె భయపడలేదు గాని ఇక అడగలేదు. తిండిలో విషమని సెలైన్లు పెట్టారు. ఖాళీ కడుపుల్లో తిండేముంది?

పదకొండింటికి అవ్వ పోయింది.

రెండింటికి చక్రాల కుర్చీ మీద గులకరాయిని కిందికి దించారు. నర్సులు మాట్లాడుకుంటుంటే అక్క పేరు విన్నాడట. దవడకు తీగలు, మూతి సొరకాయంత వాచి ఉంది. మాట లేదు. డాక్టరమ్మ చేతిలో కాగితం లాక్కుని రాశాడు. నేను ఆమె భుజం మీదుగా చదివాను.

మిథనాల్. మూడో ట్యాంకు. త్వరగా.

ఆమె పరిగెత్తింది. కారిడార్ అంతా పరిగెత్తింది. తర్వాత తెలిసింది విరుగుడేమిటో. మంచి స్పిరిటును నరంలోకి ఎక్కిస్తారట. ఒళ్ళు ఆ పనిలో పడితే చెడ్డది విషంగా మారడం ఆగుతుందట. నా మందకు! నా చేతుల్తో తాగుడు మాన్పించిన మనుషులకు, నా భార్యకు, సారా నరాల్లోకి! నేను అడ్డం వెళ్ళాను. నా కాలు తగిలి నా భార్య సెలైన్ స్టాండు పడింది. సీసా పగిలింది. ఇద్దరు వార్డు మనుషులు నన్ను నేలకేసి అదిమారు. ఒకడు మోకాలు నా మెడ మీద పెట్టాడు. అక్కణ్ణుంచి చూశాను, ఆమె మంచం మీద లేచి కూర్చుంది.

"ఏవండీ, పాలు ఎవరు ఒలకబోశారు? అంతా తెల్లగా ఉంది."

ఇంకో సీసా దొరకడానికి నలభై నిమిషాలు పట్టింది.

సాయంత్రం మేస్త్రి పోయాడు.

మంగళవారం

పదిహేను మంది బతుకుతారు అన్నారు. వాడి కాగితం వల్ల. నలుగురికి చూపు లేదు. అందులో ఆమె ఒకతె.

బుధవారం

నేను అక్కడ లేను.

గురువారం

నేను అక్కడ ఉన్నాను.

నిన్న పొద్దున, ఎక్స్‌రే గదికి తీసుకెళ్ళే సందు. వాణ్ణి కుర్చీలో తోసుకొస్తున్న ఆయాను వెల్డరు పక్కకు నెట్టాడు. వెనక మేస్త్రి అన్నదమ్ములిద్దరు. నా చంకలో గ్రంథం ఉంది.

"డాక్టర్లకే తెలియంది నీకెలా తెలిసిందిరా?" అన్నాడు వెల్డరు. "మేడ మీద పడుకున్నవాడివి, ఏ ట్యాంకో కూడా నీకెలా తెలుసు?"

వాడు మూలిగాడు. తీగల వెనక నాలుక కొట్టుకుంటోంది.

"మాట్లాడవేం? కూల్చమని ప్రార్థించామనేగా మా నోట్లో పోశావ్?"

వాడు నా వైపు చూశాడు. నా వైపే చూశాడు.

"అన్నా, నువ్వు చెప్పు" అన్నాడు వెల్డరు. "నీ ఇంటి మనిషి. నువ్వు వద్దంటే వదిలేస్తాను."

ఒక్క మాట. రెండక్షరాలు. నేను అన్నది వేరు. "దేవుడు చూస్తున్నాడు" అన్నాను.

వెల్డరు దాన్నే ఊ అనుకున్నాడు.

మొదటి దెబ్బ చెవి మీద. కుర్చీ తిరగబడింది. మేస్త్రి తమ్ముడు డొక్కలో తన్నాడు, ఎండిన కర్ర విరిగినట్టు పెళపెళ చప్పుడైంది, పక్కటెముకలు అనుకుంటాను. తీగల సందుల్లోంచి నెత్తురు నురగలా వచ్చింది. వాడు కుడిచేత్తో నేల మీద ఏదో రాయబోయాడు. తన నెత్తుటితోనే. వెల్డరు ఆ చెయ్యి చూశాడు.

"ఈ చేత్తోనేగా కలిపావ్!"

బూటు మడమతో తొక్కాడు. సిలిండరు తిప్పే ఇనుప స్పానరు జేబులోంచి తీసి వేళ్ళ మీద కొట్టాడు. ఒక్కో వేలికి ఒక్కో దెబ్బ. లెక్కపెట్టాను. దేవుడు చూస్తున్నాడు. నేనూ చూశాను.

ఇప్పుడు వాడికి నోరు లేదు. చెయ్యి లేదు.

శుక్రవారం

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. వాడి మంచం కమ్మీకి బేడీ తగిలించాడు, ఎడమచేతికి. కుడిచేతికి తగిలించడానికి లేదు, మణికట్టు దాకా కట్టు. రెండు చావుల కేసు. మిథనాల్ పెట్టుకున్నది వాడు, పగ ఉన్నది వాడికి, విరుగుడు తెలిసింది వాడికి. సరిపోయింది అన్నాడు.

నన్ను అడిగాడు: "శనివారం జారిపడ్డాడా, ఎవరైనా కొట్టారా?"

"జారిపడ్డాడు."

"అతన్నీ అడిగాను, మంగళవారం, చెయ్యి బాగున్నప్పుడు. జారిపడ్డానని రాసిచ్చాడు."

రాసిచ్చాడు. అక్క కోసం.

శనివారం

ఏమీ రాయను.

గ్రంథం తెరిస్తే అక్షరాలు ఆనడం లేదు. నాకు చూపు బాగానే ఉంది.

ఆదివారం

చెప్పేశాను.

గోడౌను కిక్కిరిసింది. ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. గ్రంథం మూసి బల్ల మీద పెట్టాను. "ప్రియులారా, పోసింది నేను. మూడో ట్యాంకులోంచి నా చేత్తో పట్టి నా చేత్తో పోశాను. పొరపాటున. గులకరాయికి ఏ పాపమూ తెలియదు" అన్నాను.

ఎవరో వెక్కారు. తర్వాత అందరూ.

"చాలు అన్నా" అని వెల్డరు ముందుకొచ్చాడు. "మా పాపం నీ నెత్తిన వేసుకోకు. బావమరిది కోసం అబద్ధం మోస్తున్నావని మాకు తెలియదా?"

"అబద్ధం కాదురా. నేనే!"

"కాపరి అంటే ఇతనే" అంది వెనక నుంచి ఒకామె.

వెల్డరును కొట్టాను. నమ్మిద్దామని. చెంప పగిలేలా. వాడు కదల్లేదు. కళ్ళలో నీళ్ళతో రెండో చెంప తిప్పాడు. నేర్పింది నేనే. రెండోదీ కొట్టాను. మోకాళ్ళ మీద పడి నా కాళ్ళు పట్టుకున్నాడు. గోడౌనంతా పాట ఎత్తుకుంది.

చేయగలిగింది చేశాను. వాళ్ళు నమ్మకపోతే నేనేం చేసేది. మనిషికి సాధ్యమైనంత చేశాను.

సోమవారం

నిన్న ఆమెను ఇంటికి పంపారు. గోడ పట్టుకుని వంటగది దాకా వెళ్ళింది, కుర్చీకి తగిలి పడింది, లేపబోతే నా చెయ్యి తోసేసింది.

పొద్దున కాఫీ పెట్టి ఇచ్చాను. చేతులు చాచి గ్లాసు అందుకుని, మూతి దగ్గర పెట్టుకుని వాసన చూసింది. చాలాసేపు చూసింది. తర్వాతే తాగింది.

"రోజూ ఏదో గీకుతుంటారు కదా, కలం చప్పుడు వినపడుతుంది. ఏం రాస్తారు?"

"ఊరికే. వాక్యం మీద ఆలోచనలు."

"చదవండి."

"దేనికిప్పుడు?"

"నాకిక చదువుకునే యోగం లేదు కాబట్టి."

మొదటి మంగళవారం నుంచి మొదలెట్టాను. గుళిక దగ్గర నవ్వింది, నలగలేదన్న చోట. శనివారం దగ్గరికొచ్చేసరికి ట్యాంకు మాట చదివి, మెట్ల మాట దాటేసి, ఎత్తుకుని పరిగెత్తింది చదివాను.

"ఆగారు" అంది.

"లేదే."

"ఊపిరి ఆగింది. అక్కడేముందో చదవండి."

చదివాను. అరచేత్తో అన్నాను.

"నా తమ్ముడి దవడ రెండు చోట్ల విరిగింది. డాక్టరమ్మ నాతో చెప్పింది. అరచేత్తోనా?"

"...గుప్పిటతో."

ఆమె మొహం నా వైపే తిప్పి ఉంది, కళ్ళు నా చెవి పక్కన ఎక్కడో చూస్తున్నాయి. ఆ చూపు తప్పించుకోవడం ఎలాగో నాకు తెలియలేదు. అది నన్ను చూడటం లేదు కాబట్టి.

"పైపు రెంచితో" అన్నాను.

"మెట్ల దగ్గరా?"

"ట్యాంకు దగ్గర. కుళాయి విప్పుతున్నాను. వాడు అటు చివర నుంచి పరిగెత్తుకొచ్చాడు. బావా, అది పట్టకు, ఆ ట్యాంకులో అని... అంతవరకే. తిరిగి కొట్టాను. పడిపోయాక కుళాయి కట్టలేదు. డబ్బా నిండేదాకా ఆగాను. తర్వాత ఎత్తుకున్నాను."

"మిగిలింది చదవండి."

చదివాను. స్టాండు దగ్గర "నా కాలు తగిలి" అని చదివి, ఆమె అడక్కముందే "తన్నాను" అన్నాను. ఎక్స్‌రే సందు చదువుతుంటే దుప్పటి అంచు నోట్లో కుక్కుకుంది. వేళ్ళ దగ్గరికొచ్చేసరికి నేను ఆగిపోతే, చేత్తో సైగ చేసింది, చదవమని. ఐదు వేళ్ళూ చదివించింది. నిన్నటిది కూడా చదివాక అడిగింది.

"సభలో రెంచి సంగతి చెప్పారా?"

"లేదు."

"తెలిసి తెలిసి వాణ్ణి పడగొట్టి పట్టానని చెప్పలేదు. పొరపాటు అన్నారు. పొరపాటు చేశానని ఏడ్చే పెద్దమనిషిని ఎవరు నమ్ముతారు? ఎవరు శిక్షిస్తారు? పాట పాడతారు."

"తెలిసి కాదు! ఒట్టు. అందులో ఏముందో నాకు తెలియదు."

"ఇంకొకటి చెప్పండి. నా తమ్ముడు ఉప్పు డబ్బా మీద కూడా ఉప్పు అని రాసి అంటించే మనిషి. ట్యాంకులో సరుకు మార్చి, చీటీ కట్టకుండా వదిలాడా?"

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. నేను పుస్తకం మూశాను.

"ఆ పుస్తకంలో లేదుగా" అంది ఆమె. "మీకోసం మీరు రాసుకున్న దాంట్లో కూడా లేదు. రాయండి. రాశాక చదవండి."

రాస్తున్నాను.

ట్యాంకు కుళాయికి తెల్లకార్డు కట్టి ఉంది. వాడి చేతిరాత, గుండ్రటి అక్షరాలు. కొత్త కాలమ్ సరుకు, మిథనాల్ తీయలేదు, విషం, తాకవద్దు. కూడబలుక్కోకుండా ఒక్క చూపులో చదివాను. అబద్ధం అనుకున్నాను. ప్రాణమున్నది చేసిన ఆఖరి తీపి నాకు దక్కకూడదని, నా ఉపవాసాన్ని నవ్వులపాలు చేయాలని వాడు కట్టిన కార్డు అనుకున్నాను. తెంపి జేబులో పెట్టుకున్నాను. ఆ తర్వాతే వాడు పరిగెత్తుకొచ్చాడు. సాయంత్రం కార్డును పొయ్యిలో వేశాను. నేను మనుషుల చేత తాగించినప్పుడు అందులో ఏముందో నాకు తెలియదు. అందులో ఏముందో నాకు చెప్పారు. రెండుసార్లు చెప్పారు, ఒకసారి రాసి, ఒకసారి నోటితో.

చదివి వినిపించాను.

ఆమె లేచింది. గోడ తడుముకుంటూ వెళ్ళి చెప్పులు వెతుక్కుంది. ఒకటి తిరగబడి ఉంటే కాలితోనే సరిచేసుకుంది. స్టేషను నాలుగు వీధుల అవతల. పగటిపూట, నడవొచ్చు. నేను అలవాటుగా గ్రంథం చంకలో పెట్టుకున్నాను.

"ఏం తీసుకున్నారు?"

"గ్రంథం."

"అది ఉంచండి. దాంట్లో మీ సంగతి లేదు. మీరు రాసింది తీసుకోండి."

"నాతో వస్తావా?"

"వాడికి నోరు లేదు, చెయ్యి లేదు. మీకు రెండూ ఉన్నాయి. దారిలో మనసు మార్చుకుంటారని వస్తున్నాను. స్టేషను గుమ్మం దాకా మీ చెయ్యి పట్టుకుంటాను. ఆ తర్వాత పట్టుకోను."

గుమ్మంలో నిలబడి ఉంది. చెయ్యి చాచి ఉంది. రాసింది చాలు, పదండి అంటోంది.